చదివి వినిపించరాదు

ముందే చెప్పేస్తున్నాను, నేను పెంచి రాస్తాను. మా ఇంట్లో గోడ మీద బల్లి కనబడితే నా వ్యాసంలో అది ఉడుముగా మొదలై రెండో పేరాకల్లా మొసలి అయిపోతుంది. మా ఆవిడ నా రాతలు చదివేటప్పుడు ప్రతి అంకెనూ పదితో భాగించుకుని చదువుతుంది. ఇన్నేళ్ల కాపురంలో ఆమె లెక్క ఒక్కసారీ తప్పలేదు. అయినా రాయచూరులో పుట్టినవాడు పెంచకుండా ఎలా ఉంటాడండీ? ఇక్కడ ఎండే పెంచి కాస్తుంది. ఏప్రిల్ నెలలో మా వీధిలో నీడలు సైతం నీడ వెతుక్కుంటూ పోవడం నేను కళ్లారా చూశాను. కాబట్టి కింద రాసినదాంట్లో ఎక్కడైనా నమ్మబుద్ధి కాకపోతే మీరూ పదితో భాగించుకోండి. నాకేమీ అభ్యంతరం లేదు.

మొన్న ఒక కాలేజీ గుమాస్తా నా దుకాణానికి ఒక ప్రకటన తెచ్చాడు, పోస్టరుగా వేసివ్వమని. తీన్ కందిల్ కూడలి దగ్గర సందులో నాది అక్షరాలు కూర్చే దుకాణం. తెలుగు పెళ్లిపత్రికలు, కన్నడ కరపత్రాలు, ఉర్దూ దావత్ కార్డులు, ఇంగ్లీషు పీహెచ్‌డీలు అన్నీ ఒకే ముసలి కంప్యూటరు కడుపున పుడతాయి. ఈ ప్రకటన ఒక పరిశోధన పత్రికవాళ్లది. పత్రికల సంపాదకత్వంలో ఇంతవరకు తగినంత చోటు దొరకని వర్గాల నుంచి వచ్చిన యువ పరిశోధకులకు ఫెలోషిప్పులట. ఎంపికైనవాళ్లు ఏడాదిపాటు సంపాదకుల పక్కన కూర్చుని ఏ వ్యాసం తీసుకోవాలో, ఎవరి చేత పరిశీలన చేయించాలో, ‘వద్దు’ అనే మాటను ఎంత పొడుగ్గా రాయాలో నేర్చుకుంటారు. కింద నియమాలు. పరిశీలనలో ఉన్న వ్యాసాన్ని ఎవరికీ చూపరాదు, పంపరాదు. బాగుంది, ఎక్కడైనా ఉండే మాటే. ఆ తర్వాత ఒక వాక్యం: ‘ఏ భాషలోనూ, ఏ గుంపులోనూ చదివి వినిపించరాదు.’

గుమాస్తా ఆ వాక్యం మీద వేలు పెట్టి నవ్వాడు.

“ఇదేంది సార్? గిసొంటి వ్యాసాన్ని ఎవరన్న గుంపుకు చదివి వినిపిస్తరా? ఎవరు వింటరు?”

“ఒకామె వినిపించింది.”

“విన్నరా మరి?”

“బాగా విన్నరు. అదే తంటా అయ్యింది.”

అతను పోస్టర్లు తీసుకుని పోయాడు. నాకు మాత్రం ఆ రోజు ఇంక ఏ పనీ సాగలేదు. రాజుల పేర శిలాశాసనాలు ఉంటాయి, మంత్రుల పేర వంతెనలు ఉంటాయి. ఆమె పేర, పేరు లేకుండా, ఒక ఉపనియమం ఉంది. నేను కూడా పేరు చెప్పను. ఎందుకు చెప్పనో చదివితే మీకే తెలుస్తుంది.

ఆమె మొదట వచ్చింది తన సిద్ధాంత గ్రంథానికి అట్ట వేయించుకోవడానికి. వాళ్ల ఊరు శక్తినగర్ పొగగొట్టాల కాళ్ల దగ్గర, కృష్ణ ఒడ్డున. ఆ ఊరి కోడి కూస్తే రెండు రాష్ట్రాలు నిద్ర లేస్తాయి. లోకమంతటికీ కరెంటు వండి పంపే చోటు కదా, ఆ ఊళ్లో ఫ్యాను తిరగాలంటే మనిషి తిప్పాలి. బూడిద సంగతి చెప్పనే అక్కర్లేదు. అక్కడ కోడిపుంజు ఏ రంగులో పుట్టినా ఒకే రంగులో పెరుగుతుంది. దుకాణంలో కుర్చీ చూపించాను. కొంగుతో ఒకటికి నాలుగుసార్లు దులిపి గాని కూర్చోలేదు. అది ఆ పొద్దున్నే నేను తుడిచిన కుర్చీ. టీ ఇస్తే గ్లాసు మీద అరచెయ్యి మూసి పెట్టి, గుక్క తాగినప్పుడల్లా చెయ్యి తీసి, మళ్లీ మూసింది. నా టీలో ఏదో పడుతుందని అనుమానమేమో అనుకుని పైకి చూశాను. పైన కొత్తగా సున్నం వేసిన కప్పు.

“మా ఊర్ల అందరం గిట్లనే తాగుతం కాకా,” అంది. “చెయ్యికి అలవాటయ్యింది.”

అట్ట వేయించుకుని పోయిన మనిషి మళ్లీ వచ్చింది. వాళ్లింట్లో కరెంటూ లేదు, ఫోనుకు సిగ్నలూ లేదు. నా దుకాణంలో రెండూ ఉన్నాయి. ఒక మూల చిన్న బల్ల వేసుకుంది. అద్దె తీసుకోనన్నాను. సరే అని, దానికి బదులు నా దుకాణంలోంచి పోయే ప్రతి కాగితాన్నీ దిద్దడం మొదలుపెట్టింది. అద్దె తీసుకున్నా బాగుండేదని తర్వాత చాలాసార్లు అనుకున్నాను. జడలో పెన్సిలు గుచ్చుకుని ఉండేది. అది సర్రున బయటికి వచ్చిందంటే ఎవరికో మూడినట్టే.

“కాకా, ‘పెద్దలు నిశ్చయించినారు’ అంటివి. ఏ పెద్దలు?”

“పెండ్లిపత్రిక అమ్మా! అందరూ గట్లనే రాస్తరు.”

“పిల్లను అడిగిన్రా?”

“నాకేం ఎరుక?”

“మరి పిల్లను అడిగిన్రో లేదో ఎరుక లేనిది అచ్చు ఎట్ల వేస్తున్నవ్?”

ఆ పెళ్లికూతురి తండ్రి ఎదురుగానే నిలబడి ఉన్నాడు. పత్రిక ఇంకో దుకాణంలో వేయించుకున్నాడు. పదితో భాగించండి, అయినా ఆ ఏడు నేను పోగొట్టుకున్న పెళ్లిళ్లతో ఒక తాలూకా జనాభా పెరిగేది.

ఇంకొక అలవాటు దీనికన్నా ప్రమాదకరం. ఎదుట లేని మనిషి గురించి మాట్లాడనిచ్చేది కాదు. వాళ్ల వాడలో అదొక కట్టడి. ఎవరి ముచ్చట తీస్తే వాళ్లను పిలిచి కూర్చోబెట్టాలి. వాళ్లు రాకుండా వాళ్ల మాట ఎత్తినవాడే తప్పు చేసినవాడు. ఆమె పీహెచ్‌డీ చేసింది కూడా దాని మీదే, వాడ పంచాయితీల్లో మనుషులు ఎదురెదురుగా ఎలా మాట్లాడుకుంటారని. ఒకరోజు నేను మా దుకాణం ఓనరు పిసినారితనాన్ని ఒక గిరాకీకి వర్ణిస్తున్నాను. నా వర్ణనలో ఆయన అప్పుడే దోమలకు రక్తం అరువిస్తున్నాడు. ఆమె జేబులోంచి, అదే, సంచిలోంచి ఫోను తీసింది.

“ఓనరు సాబును పిలవనా కాకా? మోగుతున్నది.”

“ఏయ్, పెట్టెయ్ తల్లీ!”

“మంచి మాటలే చెప్తున్నవేమో, విని సంతోషపడ్తడని.”

ఆ తర్వాత నేను దుకాణంలో దేవుణ్ని తిట్టడానికి కూడా వెనకాడాను. ఎక్కడ పిలుస్తుందో అని.

ఆ పత్రిక ఫెలోషిప్పుకు దరఖాస్తు నా దుకాణంలోనే పెట్టింది. వచ్చింది. ఆ రోజు సందు మొదటి నుంచి చివరిదాకా నేను మిఠాయి పంచాను. ఆమె తినలేదు, చేతిలో పట్టుకుని కూర్చుంది.

“ఏడాది మంచిగ చేస్తే చివరికి సంపాదకవర్గంల తీసుకుంటరట కాకా. ఉత్త పేరుకు గాదు, కుర్చీ. ఏది అచ్చు కావాలె, ఏది వద్దు అని అడిగే బల్ల దగ్గర. మా దిక్కు నుంచి ఎవరు కూర్చోలే ఇంతవరకు.”

“కూర్చుంటవ్. కాని ఆ కుర్చీ దులుపకు.”

“దులిపే కూర్చుంట.”

ఆమెకు అంతకన్నా పెద్ద కోరిక ఇంకొకటి ఉన్నట్టు నేనెప్పుడూ చూడలేదు.

మొదట ఫోటో అడిగారు. సహజమైన వాతావరణంలో దిగినది కావాలట. వీలైతే వెనక పొగగొట్టాలు పడాలట. “మిగిలిన ఫెలోలు అందరు పుస్తకాల బీరువా ముందర దిగిన్రు,” అంది ఆమె, తెర నాకు చూపిస్తూ. “నన్నొక్కదాన్నే ఎందుకు సహజంగ ఉండుమంటున్నరు కాకా?” పెళ్లిపత్రికల నమూనాలు వేలాడే గోడ ముందు నేనే ఫోటో తీశాను. తల వెనక లక్ష్మీ వినాయకులు, కలశాలు, బంగారు అంచు కొబ్బరికాయలు. వాళ్లు దాన్నే వేసుకున్నారు. బహుశా అదే సహజం అనుకుని ఉంటారు.

తర్వాత వ్యాసాలు రావడం మొదలైంది. శీర్షికలో బూడిద, కూలి, వలస, కరువు, ఈ మాటల్లో ఒక్కటి ఉంటే చాలు, ఆ వ్యాసం గుడ్డివాడికి దారి చూపించినట్టు నేరుగా ఆమె దగ్గరికే వచ్చేది. “మాటల మీద ఒక్కటన్న పంపరేంది? నేను చదివింది మాటల మీద గద! చెమట వాసన వస్తే నాకే పంపుతున్నరు,” అనేది. ఒకసారి తెరలో కనిపించే పెద్ద సంపాదకురాలిని అడిగింది కూడా. ఆ పెద్దావిడ వెనక బీరువా ఎంత పెద్దదంటే దాని పై అర దాకా ఎక్కాలంటే మధ్యలో ఒక రాత్రి బస చేయాలి. ఆవిడ చాలా మంచిగా నవ్వి, “మీ అనుభవం మాకు ఎంతో విలువైనది కదా,” అంది. అంతే. మరుసటి వ్యాసం మళ్లీ కరువే.

ఆమెకు అన్నిటికన్నా మింగుడుపడనిది పేర్లు దాచే పద్ధతి. వ్యాసం రాసింది ఎవరో పరిశీలించేవారికి చెప్పరు. పరిశీలించింది ఎవరో రాసినవారికి చెప్పరు. వ్యాసంలో మాట్లాడిన మనుషుల పేర్లు అసలే ఉండవు. ముఖం లేని మనిషి ముఖం లేని మనుషుల గురించి రాస్తే ముఖం లేని ఇంకో మనిషి తప్పులు పడతాడు. లోకమంతా ఎంతో గౌరవంగా పాటించే ఏర్పాటు ఇది.

“గిదేం న్యాయం కాకా? మా వాడల గిట్ల చేస్తే చెప్పుతోటి కొడ్తరు.”

“అది వాడ తల్లీ, ఇది విద్య. సుమ్మనిరు.”

కన్నడంలో చెబితేనైనా ఊరుకుంటుందేమోనని ఆ చివరి మాట అలా అన్నాను. ఊరుకునే మనిషా?

ఒకనాడు ఒక వ్యాసం వచ్చింది. పొగగొట్టాల ఊళ్లలో బూడిద ఇటుకలు చేసే కూలీల గురించి. ఊరి పేరు మార్చారు గాని రెండో పేజీ చదివేసరికి ఆమెకు అర్థమైంది, తన వాడే. కిందటేడు ఎవరో చదువుకున్న పిల్ల వచ్చి కొన్ని నెలలు అక్కడే ఉండి పోయిందని ఇంట్లోవాళ్లు చెప్పగా విన్నది గుర్తొచ్చింది. అప్పుడు ఈమె హైదరాబాదులో సిద్ధాంత గ్రంథం పూర్తి చేస్తూ ఉంది. ఒళ్లు దగ్గర పెట్టుకుని చదివింది. బాగా రాశారంది. పట్టికలు సరిగా ఉన్నాయంది. ఒక వాక్యం కింద గీత కూడా గీసింది. తర్వాత నా ప్రింటరు మీద వ్యాసమంతా అచ్చు తీసి, సంచిలో పెట్టుకుంది.

“రేపు స్కూటర్ మీద తోల్కపోతవా కాకా ఊరికి? ఫ్యాక్టరీకి సెలవు. అందరు ఇండ్లల్ల ఉంటరు.”

“ఎందుకు?”

“వాళ్ల ముచ్చట గద. వాళ్లు లేకుండ నేనొక్కదాన్ని బాగున్నది, బాగలేదు అని ఎట్ల చెప్పాలె?”

నియమం సంగతి నాకు తెలుసు, ఆమెకు నాకన్నా బాగా తెలుసు. చూపరాదు, పంపరాదు అని ఉంది. వినిపించరాదని అప్పటికి లేదు. పైగా వాళ్ల పెద్దమ్మ జొన్నరొట్టెలు చేస్తుందని చెప్పింది. నేను స్కూటరు తుడిచాను.

ఆమెను పెంచింది ఆ పెద్దమ్మే. మనిషి కట్టెలా ఉంటుంది, గొంతు మాత్రం ఇటుకల యంత్రాన్ని మించుతుంది. పుంటికూర వేసి రొట్టె మీద రొట్టె పెట్టింది. నేను మొహమాటానికి చాలు అన్నాను.

“నీ కడుపుకు నువ్వే జవాబుదారి సారూ. మల్ల తొవ్వల ఆకలైతే నన్ననద్దు.”

“నువ్వు తినవా పెద్దమ్మా?”

“నా కడుపుకు నేనే జవాబుదారి.”

ఆ మాట ఆమెకు ఊతపదం. దవాఖానకు పోదాం అన్నా అదే జవాబు, పని మానెయ్ అన్నా అదే జవాబు అని ఈమె నవ్వుతూ చెప్పింది.

మధ్యాహ్నం సముదాయ భవనం నీడన వాడంతా కూర్చుంది. ఒక్క ముసలాయన మాత్రం నీడకు అవతల, మిట్టమధ్యాహ్నపు ఎండలో, తలకు తువ్వాలు చుట్టుకుని కూర్చున్నాడు. రాయచూరు ఎండలో కావాలని కూర్చునేవాడు మనిషి కాదు, రొట్టెల పెనం. పక్కనున్నతన్ని ఎందుకని అడిగాను.

“ఆయనతోని మాకు మాటల్లేవు సార్. పిలుపుల్లేవు, నీళ్లు పుచ్చుకునుడు లేదు.”

సంగతి అతనే చెప్పాడు. చాలా ఏళ్ల కిందట వాడంతా ఒక్క మాట మీద పని బందు పెట్టింది. బూడిద గుట్టల మీద కాంట్రాక్టరు టార్పాలిన్ కప్పించాలి, అప్పటిదాకా ఎవరూ ఫ్యాక్టరీ మెట్టు ఎక్కరాదు. కాంట్రాక్టరు దిగివచ్చేలాగే ఉన్నాడు. ఒక పొద్దున వెనక తోవన ఎవరో ఆడవాళ్లు పనికి పోయారు. ‘మీవాళ్లే వచ్చిన్రు గద’ అన్నాడు కాంట్రాక్టరు. బందు విరిగిపోయింది, టార్పాలిన్ రాలేదు. ఎవరు పోయారని పంచాయితీ పెడితే ఈ ముసలాయన కోడలి చీర అంచుకు బూడిద ఉందన్నారు. ఆ వాడలో బూడిద అంటని చీర అంచు ఏదో నాకైతే కనిపించలేదు. మా ఇంటివాళ్లు పోలేదని ఆయన మొత్తుకున్నాడట. అప్పటి నుంచి ఆయన ఎండలో.

ఆమె చదవడం మొదలుపెట్టింది. ఇంగ్లీషు కళ్లతో చూస్తూ తెలుగు నోటితో చెబుతోంది. అంత బాగా సాగిన సభ నేను మళ్లీ చూడలేదు.

“మనం కాంట్రాక్టరును ఎదిరించేటందుకు చిన్న చిన్న ఉపాయాలు చేస్తమని రాసిన్రు.”

“ఏం ఉపాయాలు?”

“ఆయన వస్తుంటే ముక్కు చీదుతమట.”

వాడంతా విరగబడి నవ్వింది. ఒకాయన ముందుకు జరిగాడు.

“నా పేరు రాసిన్రా బిడ్డా? నేను చానా చెప్పిన.”

“ఎవరి పేరు లేదు మామా.”

“మరి ఎవని గురించి రాసినట్టు?”

“దగ్గు అని రాసిన్రా?” అని ఒకావిడ గట్టిగా దగ్గి అడిగింది. “దగ్గు లేదని రాయుమను. పిల్లకు సంబంధం చూస్తున్న.”

ఆమె పెన్సిలుతో అన్నీ పక్కన రాసుకుంటూ, నవ్వుతూ, పేజీ తిప్పింది. పని బందు గురించిన పేజీ. ఇంగ్లీషులో అక్కడ ఏముందో తర్వాత నేను చూశాను. ‘మాధ్యమిక విద్యలో ఉన్న ఆశ్రితురాలు గల ఒక శ్రామిక మహిళ’ అని ఉంది. ఆ మాటల్లో ఏ మనిషీ లేదు. ఆమె దాన్ని నోటితో తెలుగు చేసింది.

“ఒకామె చెప్పిందట, ‘సదువుకునే పిల్ల హాస్టల్ నుంచి సెలవులకు వస్తది. ఇంట్ల జొన్నగింజ లేదు. అందుకే నేను వెనక తొవ్వన పోయిన. నా కడుపుకు నేనే…’”

అక్కడ ఆగిపోయింది.

కాగితం మీద ఇంకొక్క మాటే మిగిలి ఉంది. అది చదవాల్సిన అవసరం ఎవరికీ లేకపోయింది. తలలన్నీ ఒక్కసారే పెద్దమ్మ వైపు తిరిగాయి. పెద్దమ్మ తిరగలేదు. తన ముందున్న నేలనే చూస్తూ కూర్చుంది. దగ్గే ఆవిడ సైతం దగ్గలేదు. ఇక్కడ నేనేమీ పెంచడం లేదు, పెంచడానికి నాకు చేతకాలేదు.

ఎండలో ముసలాయన లేచాడు. తువ్వాలు విప్పి దులిపాడు. ఎవరివైపూ చూడకుండా ఇంటికి వెళ్లిపోయాడు.

ఇంట్లో పెద్దమ్మ మిగిలిన రొట్టెలు బట్టలో కట్టి నా చేతికిచ్చింది. ఈమె గుంజకు ఆనుకుని నిలబడింది. పొయ్యి ఆర్పుతూ పెద్దమ్మ మాట్లాడింది. ఆ పెద్ద గొంతు ఎక్కడికి పోయిందో!

“ఆ వచ్చిన పిల్ల అడిగితే చెప్పిన. ఊరుగాని ఊరిది, పోతది గద అని చెప్పిన. పేరు రాయనన్నది. రాయలె. మాట మీద నిలబడ్డది.”

అంతే అంది. ఆ పొద్దున వెనక తోవన తనతో పోయినవాళ్లలో ఒక్కరి పేరూ ఎత్తలేదు.

తిరుగుదారిలో శక్తినగర్ గేటు దాటాం. అప్పుడు ఆమె నా వెనక నుంచి అంది: “ఇంగ్లీషుల ఆ వాక్యం కిందనే గీత గీసిన కాకా. మంచిగున్నదని.”

మర్నాడు దుకాణానికి వచ్చి కుర్చీ దులపకుండా కూర్చుంది. పత్రికవాళ్లకు రాయడం మొదలుపెట్టింది, నేను ఈ వ్యాసాన్ని ఫలానా చోట చదివి వినిపించాను అని. నేను ఆమె చేతి కింది నుంచి కీబోర్డు లాగేశాను.

“పిచ్చా నీకు? ఎవరు చూసిన్రు? వాడల ఇంగ్లీషు పత్రికకు ఫోన్ చేసి చెప్పేటోడు ఎవడున్నడు? కుర్చీ పోతది తల్లీ!”

“పోతది.”

“మరి?”

“పెద్దమ్మ గుట్టు వాడంత ముందర ఇప్పిన. నా గుట్టు మాత్రం దాచుకుంటనా కాకా? కీబోర్డు ఇయ్యి.”

ఇచ్చాను.

పెద్ద సంపాదకురాలు తెరలో కనిపించింది. కోపం లేదు. కోపమే ఉంటే బాగుండేది. మీ నిజాయితీని ఎంతో గౌరవిస్తున్నామంది. ఫెలోషిప్పు ఇక్కడితో ముగిస్తున్నామంది. పేర్లు దాస్తామని నమ్మి మాట్లాడిన మనిషి బయటపడింది కాబట్టి ఆ వ్యాసాన్ని కూడా వేయలేమంది. ఆ చివరి మాటకు ఆమె మొదటిసారి కుర్చీలోంచి లేచింది.

“వ్యాసం రాసినామె తప్పు చేయలేదు, మేడం. ఆ బూడిద గుట్టల మీద ఇప్పటికీ టార్పాలిన్ లేదు. అది ఉన్నదున్నట్టు రాసిన కాగితం అదొక్కటే.”

“మాకు అర్థమవుతుంది,” అంది పెద్దావిడ. అర్థమైందని మాకూ అర్థమైంది. తెర ఆరిపోయింది. వెబ్‌సైటులో ఫోటో ఇంకొన్నాళ్లు ఉంది, కొబ్బరికాయలతో సహా. తర్వాత అదీ పోయింది.

నేను ఓదార్చబోయాను. వాళ్లది తప్పని, వాళ్ల అమ్మమ్మది తప్పని నోటికొచ్చినట్టు తిట్టాను. వాళ్లను పిలవనా అని ఆమె అడగలేదు. “వాళ్ల నియమం మంచిదే కాకా,” అంది. “అది ఎవరి కోసం పెట్టిన్రో నాకు తెల్వకపాయె. మనల్ని దూరం పెట్టేటందుకే అనుకున్న.” పెన్సిలు జడలో గుచ్చుకుని, “రెండూ ఉన్నయేమో,” అంది. తన బల్ల మీది కాగితాలు సర్దుకుంది. ఇప్పుడు మాన్విలో ఒక కాలేజీలో అతిథి అధ్యాపకురాలు. అతిథి అంటే జీతం ఎప్పుడొస్తుందో తెలియని మనిషి.

ఒక్క మంచి మాట చెప్పి ముగిస్తాను. ఆ చదువు జరిగిన మర్నాటి పొద్దున ముసలాయన పెద్దమ్మ గడప ముందుకు వచ్చాడు. నీళ్లిమ్మన్నాడు. ఆమె చెంబుతో ఇచ్చింది. నిలబడి తాగాడు. చెంబు గడప మీద పెట్టి పనికి పోయాడు.

ఇంతవరకు రాసి, అచ్చుకు పంపే ముందు నిన్న ఆమెకు ఫోను చేశాను. ఆమె గురించి రాసి ఆమెకు వినిపించకుండా వేసే ధైర్యం నాకు లేదు. మాన్వి బస్టాండులో ఉంది. మొదటి నుంచి చివరిదాకా చదివాను. బీరువా దగ్గర నవ్వింది. దోమల దగ్గర, “ఓనరు సాబుకు వినిపించినవా?” అంది. తన మీది పెంపులన్నీ ఉండనిచ్చింది. పేరు లేనందుకు మంచిదంది. సముదాయ భవనం దగ్గర ఊరికే వింది. ముసలాయన చెంబు దించిన చోట ఆపమంది.

“ఆయన రాలె కాకా.”

“ఎరుకే.”

“ఇంతవరకు రాలె.”

“తీసెయ్యనా మరి?”

లింగసుగూరు బస్సు కండక్టరు జనాన్ని పిలుస్తున్నాడు. ఆ కేకలన్నీ అయ్యాక ఆమె గొంతు వచ్చింది.

“వద్దు. ఉండనీ. కాని అది నువ్వు పుట్టిచ్చినవని కింద రాయి. పెద్దమ్మ ఎవరితోనన్న చదివిచ్చుకుంటే… ఊకనే ఎదురు చూస్తది.”

అందుకని రాస్తున్నాను. పైన మిగిలినవన్నీ పెంచినవి. అదొక్కటి పుట్టించినది. ఆయన రాలేదు, నీళ్లు అడగలేదు. వాడ కూర్చున్నప్పుడు ఆయనను నీడలోకి రమ్మని ఇప్పుడు పిలుస్తున్నారట. ఆయన రావడం లేదు. ఎండలో ఇప్పుడు ఇద్దరు కూర్చుంటున్నారు, ఆయనా పెద్దమ్మా, దూరదూరంగా.